నాయన చేతులు కడుక్కునే పావుగంట

నాయన చేతులు కడుక్కోవడానికి పావుగంట పట్టేది. అతిశయోక్తి అనుకోకండి. అమ్మ అన్నం వార్చి, కూర దించి, పీట వేసేదాకా ఆయన నీళ్ళ తొట్టి పక్కన గొంతుక్కూర్చునే ఉండేవాడు. ముందు కిరోసిన్‌లో తడిపిన పాత గుడ్డతో మోచేతుల దాకా తుడుచుకునేవాడు. తర్వాత కట్టెకోత మిల్లు నుంచి తెచ్చిపెట్టుకున్న రంపపు పొట్టు గుప్పెడు తీసుకుని, వేళ్ళ సందుల్లో పోసుకుని, పిండి పిసికినట్టు పిసికేవాడు. పొట్టు నల్లగా మారి గచ్చు మీద ముద్దలుగా రాలేది. ఆ తర్వాత బట్టల సబ్బు, కొబ్బరి పీచు. ఇంత చేసినా గోళ్ళ అంచుల్లో, అరచేతి గీతల్లో సన్నటి నలుపు మిగిలిపోయేది. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడికి మా నాయన చెయ్యి దొరికితే పండగే. గీతలన్నీ ముందుగానే కాటుకతో దిద్దిపెట్టినట్టు ఉండేవి.

ఆర్టీసీలో శ్రామిక్ అని ఒక పోస్టు. డిపో గ్యారేజీలో మెకానిక్ పక్కన నిలబడి స్పానర్లు అందించాలి, టైర్లు దొర్లించాలి, బస్సు కింద దూరి గ్రీజు పెట్టాలి. పేరులోనే శ్రమ ఉంది కాబట్టి దాచుకోవడానికి వీలులేని ఉద్యోగం. 1981లో నాయన దేవరకొండ డిపోలో ఆ పోస్టులో చేరాడు. మా వంశంలో ఒకటో తారీఖుకు అర్థం తెలిసిన మొదటి మనిషి ఆయనే. అంతకు ముందు మాకు తెలిసినవి అమావాస్య, పున్నమి, సంత రోజు, మేస్త్రీ వచ్చే రోజు.

మా తాత, నాయనమ్మ నాగార్జునసాగర్ కట్టిన కూలీలు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. మావాళ్ళు రెండేళ్ళ తర్వాత, దేవరకొండ పక్క పల్లెలో రెండు కరువులు చూసి, ఇక లాభం లేదని మూట కట్టుకుని వెళ్ళారు. అది రాతి కట్టడం. ప్రపంచంలో రాయితో కట్టిన డ్యాముల్లో అంత పెద్దది అరుదు. రాయి అంటే యంత్రాల కంటే మనుషులే ఎక్కువ. కర్రలు కట్టి వేసిన పరంజాల మీద వేల మంది తట్టలు మోసుకుంటూ చీమల బారులా ఎక్కేవాళ్ళట. మా నాయనమ్మ నడినెత్తిన రూపాయి బిళ్ళంత మేర జుట్టు ఉండేది కాదు. నాకు తల దువ్వించుకోవడం కంటే ఆమె తల దువ్వడం ఇష్టం. దువ్వెన ఆ చోటికి వచ్చేసరికి నున్నగా జారిపోయేది. "అక్కడ సాగర్ ఉంది, మెల్లగా దువ్వు" అనేది.

మా నాయన 1958లో ఆ కూలీల గుడిసెల్లోనే పుట్టాడు. నాయనమ్మ లెక్కలో ఊరు మూడు ముక్కలు. కొండ మీది హిల్ కాలనీ ఆఫీసర్లది, కింది పైలాన్ కాలనీ గుమాస్తాలది, ఆ రెండింటికీ చెందని చోటు మాది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వెళ్ళింది. అటు వరి పండింది, రైసు మిల్లులు లేచాయి. మా ఊరు ఎత్తు మీద ఉంది, నీళ్ళకు ఎత్తు ఎక్కడం రాదు. మావాళ్ళు మళ్ళీ ఆముదాలకూ జొన్నలకూ, వానకూ వచ్చి పడ్డారు. ఈ మధ్య సాగర్ 26 గేట్లు ఎత్తిన దృశ్యం టీవీలో వచ్చిన ప్రతిసారీ నాయనమ్మ గుర్తొస్తుంది. బతికున్నన్నాళ్ళూ ఆమె ఆ దృశ్యంలో నీళ్ళు చూడలేదు, గోడ చూసేది. "అదిగో, ఆ పక్కన నా రాళ్ళున్నాయి" అని వేలు పెట్టి చూపేది. అంత పెద్ద గోడలో ఆమె రాళ్ళు ఆమెకు ఎలా తెలుస్తాయని మేం నవ్వేవాళ్ళం. ఆమెకు తెలుసు కాబోలు.

తాత తర్వాత గుంపు మేస్త్రీతో శ్రీశైలం పనికీ వెళ్ళాడు. పాలమూరు వైపు వాళ్ళ గుంపుతో కలిసి వెళ్ళేవాడు. దేశంలో ఎక్కడ కాలువ తవ్వుతున్నా, డ్యాం కడుతున్నా పాలమూరు కూలీ ఉండాల్సిందే అనే మాట ఊరికే పుట్టలేదు. ఆ పద్ధతి ఇలా ఉండేది. మేస్త్రీ ముందుగా ఇంటికి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. దాంతో పెళ్ళి చేసేవాళ్ళు, పాత అప్పు తీర్చేవాళ్ళు, లేదా ఆ ఎండాకాలం తినేవాళ్ళు. తర్వాత ఎక్కడికి తీసుకెళితే అక్కడికి వెళ్ళి, ఎన్ని నెలలు అంటే అన్ని నెలలు, ఆ డబ్బు ఒంటితో తీర్చాలి.

నాయన ఉద్యోగంలో చేరిన రెండో ఏడే ఎల్ఐసీ పాలసీ కట్టాడు. తాతకు అది బొత్తిగా మింగుడుపడలేదు. "చచ్చాక వచ్చే డబ్బుకు బతికుండగా కట్టడమేమిటిరా?" అని అరుగు మీద పదిమందిలో అడిగాడట. అందరూ నవ్వారు. నాయన ఏమీ అనలేదు గానీ, ఆ రసీదులన్నీ ఒక తీగకు గుచ్చి దూలానికి వేలాడదీశాడు. నాకు ఊహ తెలిసేసరికి అది అరచెయ్యంత మందం అయింది. తాత ముందు తిని తర్వాత తీర్చేవాడు, నాయన ముందు కట్టి తర్వాత తినేవాడు. మా ఇంట్లో నిజంగా తలకిందులైంది ఇదొక్కటే అని నా అభిప్రాయం. కుర్చీలు, కర్టెన్లు, కాఫీ కప్పులు అన్నీ దాని వెనకే వచ్చాయి.

1990లో నాయనకు నల్గొండ బదిలీ అయింది. రామగిరిలో ఒక టీచరు గారింట్లో వెనక వైపు రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. అక్కడే అమ్మ చదువు మొదలైంది. చదువంటే పుస్తకాలు కాదు, ఆ టీచరమ్మ. ఆమె కప్పు కింద సాసరు పెట్టి టీ ఇచ్చేది. పిల్లల్ని కొట్టకుండా, గొంతు పెంచకుండా, "ఎందుకలా చేశావు?" అని అడిగేది. సాయంత్రం ఏడు కాగానే ఆ ఇంట్లో రేడియో ఆగిపోయేది, పిల్లలు పుస్తకాలు తీసేవాళ్ళు. అమ్మ అన్నీ గోడ ఇవతలి నుంచి చూసి, వారం తిరక్కుండా మా ఇంట్లో అమలు చేసేది. ఒకసారి నన్ను కొట్టబోయి, చెయ్యి గాల్లోనే ఆపి, ఎటూ తోచక, "ఎందుకలా చేశావు?" అంది. దెబ్బ కంటే అదే భయంగా అనిపించింది. నేను ఏడ్చేశాను.

ఊళ్ళో ఉన్నప్పుడు అమ్మ పత్తి ఏరడానికీ నాట్లకూ వెళ్ళేది. నల్గొండ వచ్చాక మానేసింది. ఉద్యోగస్థుడి భార్య కూలికి వెళితే బాగుండదు కదా. ఊరంతా ఆమెను అదృష్టవంతురాలు అంది. నాకు చాలా ఏళ్ళ తర్వాత, నా జీతం నా చేతికి వచ్చాక, ఒక సంగతి తట్టింది. ఆ మార్పులో అందరూ ఒక మెట్టు ఎక్కారు, అమ్మ చీరకొంగు ముడి మాత్రం ఖాళీ అయింది. అంతకు ముందు ఆ ముడిలో ఆమె సొంత కూలి డబ్బులు ఉండేవి. గాజులకూ పుట్టింటి ప్రయాణానికీ ఎవర్నీ అడిగేది కాదు. ఇప్పుడు ఒకటో తారీఖున నాయన ముందు నిలబడి లెక్క చెప్పాల్సి వచ్చింది. ఆయన ఏనాడూ కాదనలేదు. కానీ అడగడం అడగడమే. ఏడాది తిరిగేలోపు ఆమె వాయిదాల మీద కుట్టుమిషను కొనిపించుకుంది. వీధిలో జాకెట్లు కుట్టేది. "ఏదో కాలక్షేపానికి" అని అందరికీ చెప్పేది. అర్ధరాత్రి దాకా సాగే కాలక్షేపం.

నల్గొండలోనే మేం నాయనను డాడీ అనడం నేర్చుకున్నాం. అమ్మే నేర్పింది. బడిలో అందరూ అలాగే అంటారట, నాయన అంటే ఊరివాళ్ళు అనుకుంటారట. మేం ఊరివాళ్ళమే కదా అని తమ్ముడు అడిగితే దానికి జవాబు లేదు. కొన్నాళ్ళు ఇంట్లో నాయన, బయట డాడీ అని నడిచింది. ఆయన మాత్రం డాడీ అని పిలిస్తే వెంటనే పలికేవాడు కాదు. కావాలని కాదు, ఇంకెవరినో పిలుస్తున్నారని అనుకునేవాడు. ఒకసారి గడియారం సెంటర్ దగ్గర జనంలో తప్పిపోయినప్పుడు నేను డాడీ డాడీ అని ఎంత అరిచినా ఆయన తిరిగి చూడలేదు. ఏడుపు వచ్చి నాయనా అన్నాను. పది అడుగుల దూరంలోనే ఉన్నాడు.

నన్ను కాన్వెంటులో చేర్పించిన రోజు సంగతి చెప్పాలి. ముందు రోజు డ్యూటీ దిగి వచ్చాక ఆయన పావుగంట కాదు, గంట కడుక్కున్నాడు. అమ్మ నిమ్మకాయ కోసి చెక్కలకు ఉప్పు అద్ది ఇచ్చింది. కోసుకుపోయిన చోటల్లా మంట పుట్టి ఆయన పళ్ళు బిగబట్టడం నాకు గుర్తుంది. పొద్దున ఇస్త్రీ చొక్కా. దారి పొడవునా అమ్మ పాఠం అప్పగించుకుంది. "ఏం పని చేస్తారని అడిగితే శ్రామిక్ అనకు. ఆర్టీసీలో మెకానికల్ సెక్షన్ అను." ఆయన గొణుక్కుంటూ వల్లెవేశాడు, మెకానికల్ సెక్షన్, మెకానికల్ సెక్షన్.

హెడ్మిస్ట్రెస్ గారు అడిగారు. నాయన చేతులు రెండూ బల్ల కింద పెట్టుకుని, "ఆర్టీసీ అండీ, మెకానికల్ సెక్షన్" అన్నాడు. అమ్మ మొహం వెలిగింది. తర్వాత దరఖాస్తు మీద సంతకం పెట్టమన్నారు. చెయ్యి బల్ల మీదికి రాక తప్పలేదు. పొద్దుటి నుంచి చెమట పట్టిన బొటనవేలు కాగితం మూలన ఆనింది. సంతకం కంటే ముందు వేలిముద్ర పడింది, లేత బూడిద రంగులో, గీతలన్నీ లెక్కపెట్టేంత స్పష్టంగా. ఆమె చూశారో లేదో తెలియదు. సీటు ఇచ్చారు. పదో తరగతి అయ్యాక టీసీ కోసం వెళ్ళినప్పుడు పాత ఫైల్లో ఆ కాగితం కనిపించింది. మూలన ఆ ముద్ర అలాగే ఉంది. పదేళ్ళకు సంతకం సిరా వెలిసింది గానీ గ్రీజు వెలవలేదు.

అయితే నాయన చేతుల్ని కడిగి తెల్లగా చేద్దామని ప్రయత్నించిన అమ్మకు, నా పళ్ళ విషయంలో చేసేదేమీ లేకపోయింది. మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చే వయసుకల్లా వాటి మీద గోధుమ రంగు చారలు తేలేవి. బ్రష్‌తో పోయేవి కావు, పన్నులోనే ఉంటాయి. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఎముకలు వంగిపోయినవాళ్ళున్నారు. వాళ్ళతో పోలిస్తే పళ్ళ చారలు ఒక బాధే కాదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే ఒక పద్ధతికి శాస్త్రవేత్తలు నల్గొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే పెట్టారు. కీర్తి ఏ రూపంలో వస్తుందో ఎవరికి తెలుసు! టీచరమ్మను చూసి అమ్మ ఒక స్టీలు ఫిల్టరు కొంది, లోపల తెల్లటి క్యాండిళ్ళు ఉండేది. దాన్ని ముందు గదిలో, వచ్చినవాళ్ళకు కనబడేలా పెట్టింది. మట్టిని ఆపేది. ఫ్లోరైడ్‌కు ఆ క్యాండిల్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే అని మాకు చాలా కాలం తెలియలేదు.

నల్గొండ ఎన్జీ కాలేజీలో డిగ్రీ చదివిన మూడేళ్ళూ నాకు ఇబ్బంది లేదు, అందరివీ అవే పళ్ళు. హైదరాబాదులో కోచింగుకు వచ్చాకే తెలిసింది, అది మా ముఖాల మీద వేసిన జిల్లా ముద్ర అని. నవ్వగానే "నల్గొండా?" అనేవాళ్ళు. ఎంత చక్కగా ఇంగ్లిషు మాట్లాడినా, పెదవి లేస్తే చాలు. నోరు మూసుకుని నవ్వడం నేర్చుకున్నాను. నా పెళ్ళి ఫొటోల్లో నేను ఏదో గుంభనంగా ఆలోచిస్తున్నట్టు ఉంటాను. ఆలోచన ఏమీ లేదు, పళ్ళు కనబడకూడదు, అంతే. 2008లో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. 2012లో ముందు పళ్ళు ఆరింటికి తొడుగులు వేయించుకున్నాను. ఇంటికి వెళ్ళి నవ్వి చూపిస్తే అమ్మ దిష్టి తీసింది. నాయన దగ్గరికి వచ్చి, బస్సు బానెట్ ఎత్తి చూసినట్టు తల ఒంచి చూశాడు.

"మొత్తానికి ఎంతయింది?"

చెప్పాను.

"ఆరింటికా?"

"అవును."

"ఆ డబ్బుకు గేర్ బాక్సు మొత్తం విప్పి బిగించవచ్చు బిడ్డా" అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

సొంత ఇల్లు 1999లో అయింది. ఆర్టీసీ ఉద్యోగుల పరపతి సంఘం ఉంది, సీసీఎస్ అంటారు. జీతంలోంచి నెలనెలా కొంత అందులో పడుతుంది, ఇంటికీ పెళ్ళికీ చదువుకీ అందులోంచే అప్పు. ఆ అప్పుతో నూట యాభై గజాల స్థలంలో రెండు గదులు, ఒక వరండా, దానికో ఇనుప గేటు. పిల్లల చదువులకు మళ్ళీ అదే సీసీఎస్, తమ్ముడికి టైఫాయిడ్ వస్తే తార్నాకలోని ఆర్టీసీ ఆసుపత్రి, తిరుపతి వెళ్ళడానికి కుటుంబం పాసు. మాలాంటివాళ్ళు మధ్యతరగతిలోకి ఎలా ఎక్కారని పెద్ద పెద్ద మాటలు చెబుతుంటారు. మేమైతే పాసు మీద ఎక్కాం.

తిండి సంగతి పెద్దగా రాయను. జొన్న రొట్టె, గటుక మానేసి, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మూడు పూటలా అన్నం తినడం గొప్పనుకున్నాం. ఇప్పుడు డాక్టరు చెబితే అమ్మ మళ్ళీ జొన్న రొట్టె కొని తింటోంది. ఇది ప్రతి ఇంటి కథే, అందరూ చెప్పేశారు.

2014లో నేను బీఎన్ రెడ్డి నగర్‌లో ఫ్లాటు కొన్నాను. దేవరకొండ బస్సులు పోయేది ఆ సాగర్ రోడ్డు మీదే కాబట్టి మా వైపువాళ్ళంతా ఇటే చేరారు. ఇబ్రహీంపట్నం, మాల్, చింతపల్లి, మల్లేపల్లి అని కండక్టర్లు అరవడం పొద్దున లేవగానే వినబడితే ఊళ్ళో ఉన్నట్టే ఉంటుంది. గృహరుణం మంజూరైన రోజు నాయనకు ఫోను చేశాను.

"ఎన్నేళ్ళు కట్టాలి?"

"ఇరవై."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా నాయన కూడా మేస్త్రీ దగ్గర ఇంత అడ్వాన్సు తీసుకోలేదు" అన్నాడు.

నేను నవ్వేశాను. ఫోను పెట్టేశాక కాసేపటికి నవ్వు ఆగిపోయింది. తీగకు గుచ్చిన రసీదులు గుర్తొచ్చాయి. రెండు తరాలు కష్టపడి ఇటు తిప్పిన లెక్కను నేను ఒక్క సంతకంతో అటు తిప్పాను. తాత ఒంటితో తీర్చాడు, నేను ఏసీ గదిలో కూర్చుని తీరుస్తున్నాను, అంత తేడా ఉంది, కాదనను. కానీ మేనేజరు ముఖం చిట్లిస్తే గుండె జారడం మాత్రం ఒకే రకంగా ఉంటుందనుకుంటాను.

నాయన 2016లో రిటైరై అమ్మతో సహా మా దగ్గరికి వచ్చేశాడు. ఇప్పుడు రాయబోయేది రాయాలా వద్దా అని చాలాసార్లు అనుకున్నాను.

2011లో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. ఆర్టీసీ కార్మికులూ దిగారు. నాయన జీతం లేకుండా ఇంట్లో ఉన్నాడు, నేను డబ్బు పంపాను, ఆఫీసులో అందరికీ గర్వంగా చెప్పుకున్నాను. అప్పుడు టీచర్లు, గుమాస్తాలు, అందరూ సమ్మెలోనే ఉన్నారు, సమ్మె పెద్దమనుషుల పనే. 2019 అక్టోబర్ 5న మొదలైన ఆర్టీసీ సమ్మె అలాంటిది కాదు. సుమారు 48 వేల మంది 52 రోజులు డ్యూటీకి వెళ్ళలేదు. దసరా ముందు రోజులు. మా అపార్ట్‌మెంట్ ఫోను గ్రూపులో పొద్దున లేస్తే ఒకటే గొడవ, పనిమనిషి రాలేదు, ఆటోవాడు మూడింతలు అడిగాడు, పిల్లాడి పరీక్ష పోయింది. నేనూ రెండు రోజులు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళి విసుక్కున్నాను. ఇంట్లోనే విసుక్కున్నాను, నాయన వింటుండగా.

ఆయన పొద్దున్నే వాకింగని వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేవాడు. మూడేళ్ళ క్రితమే రిటైరైనవాడు, ఆయనకు రావలసింది లేదు, పోవలసింది లేదు. ఒక రోజు పేపరు జిల్లా పేజీలో దగ్గర్లోని డిపో ముందు వేసిన టెంటు ఫొటో వచ్చింది. రెండో వరుసలో, ఖాకీ చొక్కా వేసుకుని నాయన. ఆ చొక్కా ఇంకా ఉందని కూడా నాకు తెలియదు. ఆ సాయంత్రం లిఫ్టులో పై అంతస్తు ఆవిడ, "పేపర్లో ఉన్నది మీ నాన్నగారేనా అండీ?" అని అడిగారు. ఆవిడ గొంతులో ఎగతాళి కూడా లేదు, మామూలుగానే అడిగారు. నేను, "కాదండీ, ఎవరో అచ్చం అలాగే ఉన్నారు" అన్నాను. లిఫ్టు మూడో అంతస్తు చేరేలోపు అయిపోయిన మాట.

రాత్రి అన్నం దగ్గర నేనే చెప్పేశాను. చెప్పకపోతే ముద్ద దిగలేదు.

"ఏమన్నావు?" అన్నాడు నాయన.

"కాదన్నాను."

అమ్మ గరిటె గిన్నెలో పడేసింది. నాయన పెరుగు కలుపుకుంటున్నాడు. "పోనీలే, ఫొటోలో నేను కూడా నాలాగా లేను" అన్నాడు. తర్వాత తెలిసింది, ఆ పేపరు ముక్క కత్తిరించి పాత ఎల్ఐసీ బాండ్ల కవర్లో పెట్టుకున్నాడట. మర్నాడు పొద్దున కూడా వాకింగుకు వెళ్ళాడు. నేను ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చానని రాస్తే బాగుండేది. ఇవ్వలేదు. ఆఫీసుకు టైమవుతోందని వెళ్ళిపోయాను.

రిటైరైన కొన్నాళ్ళకు ఆయన చేతులు మారిపోయాయి. గోళ్ళు తెల్లబడ్డాయి, అరచేతి గీతలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. అమ్మకు ముచ్చటగా ఉంది. ఆయన మాత్రం టీవీ చూస్తూ ఒక చేత్తో ఇంకో చేతి వేళ్ళను రుద్దుకుంటూ ఉండేవాడు, ఏదో వదలాల్సింది ఇంకా ఉన్నట్టు.

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం మా అపార్ట్‌మెంట్ నీళ్ళ మోటారు ఆగిపోయింది. మెకానిక్ సోమవారం గానీ రానన్నాడు. నాయన కిందికి దిగాడు. వెనకే నా కొడుకు, అప్పటికి వాడికి ఎనిమిదేళ్ళు. వాచ్‌మన్ కల్వకుర్తి వైపు మనిషి. నాకు ఆ సంగతి కూడా ఆ రోజే తెలిసింది, నాయనకు మాత్రం ఎప్పటి నుంచో తెలుసు. వాళ్ళ నాయన ఏ మేస్త్రీతో ఏ ప్రాజెక్టుకు వెళ్ళాడో కూడా తెలుసు. రోజూ పది గంటల టీ ఆ గదిలోనేనట. షుగర్ ఉందని ఇంట్లో మేం చక్కెర లేని టీ ఇస్తుంటే, అక్కడ ఏం తాగుతున్నాడో ఎవరూ అడగలేదు.

రెండు గంటలయినా పైకి రాకపోతే నేను హ్యాండ్‌వాష్ సీసా తీసుకుని దిగాను. మోటారు తిరుగుతోంది. ముగ్గురూ కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు. కిరోసిన్ దొరక్క, జనరేటర్ డబ్బాలోంచి చారెడు డీజిల్ తీసుకున్నారు. రంపపు పొట్టు లేదు కాబట్టి ఇసుక. "ముందు బొటనవేలు, తర్వాత సందులు, గోరు చివర" అని నాయన చెబుతుంటే నా కొడుకు చేతులు పిసుక్కుంటున్నాడు. వాచ్‌మన్ మగ్గుతో నీళ్ళు పోస్తున్నాడు. నా చేతిలోని సీసా ఎవరూ చూడలేదు.

పైకి వచ్చాక అమ్మ మనవడి గోళ్ళు చూసి గుండెలు బాదుకుంది. "రేపు బడి ఉంది, ఇలా వెళితే మీ మిస్ ఏమనుకుంటుంది?" అంటూ వాడిని సింకు దగ్గరికి లాక్కెళ్ళి, ఫ్రిజ్‌లోంచి నిమ్మకాయ తీసి అడ్డంగా కోసింది. ఒక చెక్కకు ఉప్పు అద్ది వాడి చేతిలో పెట్టింది. ఇంకో చెక్కకూ ఉప్పు అద్ది నాయన వైపు చాచింది. ఆయన తీసుకున్నాడు, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, నోట్లో పెట్టుకుని పిండుకున్నాడు.